అపార్టుమెంటు మోటారుకి యాప్ కావాలట, గొలుసు తాకట్టు పెట్టి కోర్సులో చేరనా?

బాలానగర్ దగ్గర మోటారు వైండింగు షాపు చూసుకుంటున్న 31 ఏళ్ల పాఠకుడొకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి, పెళ్లయ్యాక మామగారి షాపులోనే స్థిరపడ్డారు. మూసాపేటలో ఒక ఐదంతస్తుల అపార్టుమెంటుకి మోటారు పని ఎప్పుడూ ఈయనే చేస్తారు. వాచ్‌మన్ మోటారు వేసి మరిచిపోతున్నాడు, ట్యాంకు పొంగి నీళ్లు రోడ్డెక్కుతున్నాయి, ఎండాకాలం వచ్చేసరికి మళ్లీ ట్యాంకరు తెప్పించుకుంటున్నాం, ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయో ఫోన్లో కనబడాలి, ఫోన్లోంచే మోటారు వేసి ఆపాలి, చేయగలవా అని అసోసియేషన్ ప్రెసిడెంటు అడిగారట. సరేనని 8,000 అడ్వాన్సు తీసుకున్నారు.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఆర్డుయినో యూనో అనే చిన్న ప్రోగ్రామింగు బోర్డు, హెచ్‌సి-05 బ్లూటూత్ మాడ్యూలు, హెచ్‌సి-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సారు (శబ్దంతో దూరం కొలిచేది), ఒక రిలే బోర్డు (ప్రోగ్రాము చెబితే పడే స్విచ్చి) కొన్నారు. షాపు బల్ల మీద అన్నీ బాగానే పనిచేశాయి. తర్వాత కష్టాలు మొదలయ్యాయి. వీడియో చూసి ఆండ్రాయిడ్ స్టూడియోలో రాసిన యాప్ తన పాత ఫోన్లో నడుస్తోంది, భార్య కొత్త ఫోన్లో తెరవగానే ఆగిపోతోంది. ప్రెసిడెంటు ఐఫోన్లో హెచ్‌సి-05 అసలు కనబడటం లేదు. మేడ మీద బోర్డు పెట్టి కిందికి దిగితే రెండో అంతస్తుకి వచ్చేసరికే సిగ్నలు తెగిపోతోంది. ప్రోగ్రాము ఎక్కించబోతే అప్పుడప్పుడు ఎర్రరు వస్తోంది. స్టార్టరు లాగిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అవుతోంది.

అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూటు వాళ్లు ఆరు నెలల ఫుల్ స్టాక్ కోర్సు చేస్తే ఇవన్నీ వచ్చేస్తాయన్నారట. ఫీజు 35,000, కొత్త లాప్‌టాప్ ఖర్చు వేరే. భార్య తన గొలుసు తాకట్టు పెట్టమంటున్నారు. మామగారు మాత్రం ‘ఈ ఫోన్ల పిచ్చి మనకెందుకు, ఆ డబ్బు వెనక్కి ఇచ్చేసి రా’ అంటున్నారు. కోర్సులో చేరాలా, మానాలా? పాత ఫోనునే ఓటీజీ వైరుతో (ఫోనుకి యూఎస్‌బీ పరికరాలు తగిలించే వైరు) బోర్డుకి కలిపి స్టార్టరు పక్కన బిగించేస్తే సరిపోతుందా? పక్క అపార్టుమెంటు వాళ్లూ అడుగుతున్నారు, ఒప్పుకోవచ్చా? ఇవీ ఆయన ప్రశ్నలు.

ముందు గొలుసు సంగతి. మీరు రాసిన ఇబ్బందులు ఐదు. వాటిలో యాప్ రాయడం సరిగా రాకపోవడం వల్ల వచ్చింది ఒక్కటే, అది కూడా ఒక పూట కూర్చుంటే తేలిపోతుంది. రెండు మీరు ఎంచుకున్న రేడియో వల్ల వచ్చాయి. ఒకటి వైరింగులో పొరపాటు. మిగిలిన ఒక్కటీ అచ్చంగా మీ వృత్తిలోదే. ఆరు నెలల కోర్సు పూర్తిచేసి వచ్చినా ఈ ఐదింటిలో నాలుగు అలాగే ఉంటాయి. కాబట్టి ఈ పని పూర్తిచేయడానికి గొలుసు అక్కర్లేదు. యాప్‌లు రాయడం వృత్తిగా నేర్చుకోవాలన్నది మీ కోరికైతే అది వేరే లెక్క, దాని గురించి తర్వాత చెబుతాను.

కొత్త ఫోన్లో యాప్ ఎందుకు ఆగిపోతోందో చూద్దాం. ఆండ్రాయిడ్ 11 వరకు, జత చేసిన బ్లూటూత్ పరికరంతో మాట్లాడటానికి యాప్ వివరాలుండే మ్యానిఫెస్ట్ ఫైల్లో పర్మిషన్ పేరు రాస్తే చాలు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి పద్ధతి మారింది. పరికరాలను వెతకడానికి ‘బ్లూటూత్ స్కాన్’, జత చేసిన పరికరంతో కలవడానికి ‘బ్లూటూత్ కనెక్ట్’ అని రెండు పర్మిషన్లు వచ్చాయి. వీటిని ఫైల్లో రాస్తే చాలదు, యాప్ నడుస్తున్నప్పుడు తెర మీద వాడేవాళ్లని అడిగి ఒప్పించుకోవాలి. మీరు చూసిన వీడియో అంతకు ముందుదై ఉంటుంది. పాత ఫోన్లో ఆ నియమం లేదు కనుక నడిచింది. ఆండ్రాయిడ్ స్టూడియోలో లాగ్‌క్యాట్ తెరిచి, కొత్త ఫోన్లో యాప్ ఆగిపోయిన క్షణంలో వచ్చిన ఎర్ర అక్షరాలు చూడండి. ‘సెక్యూరిటీ ఎక్సెప్షన్’ అన్న మాట ఉంటే కారణం ఇదే. ఇక్కడ చాలామంది తట్టుకుని పడే రాయి ఇంకొకటుంది. వెతకడం మాకు అక్కర్లేదు, జత చేసినదాన్నే వాడుతున్నాం అని కనెక్ట్ పర్మిషన్ ఒక్కటే అడుగుతారు. కానీ కలిసే ముందు వెతుకులాట ఆపమని చెప్పే ‘క్యాన్సిల్ డిస్కవరీ’ వరుస కోడ్‌లో ఉండిపోతుంది. దానికి స్కాన్ పర్మిషన్ కావాలి. మళ్లీ యాప్ ఆగిపోతుంది.

అది సరిచేశాక మరో రెండు ఎదురవుతాయి. బ్లూటూత్ సాకెట్‌ కనెక్ట్ అయ్యేదాకా ప్రోగ్రాము ఆ వరుస దగ్గరే ఆగి ఉంటుంది. దాన్ని తెరని నడిపే మెయిన్ థ్రెడ్‌లో పెడితే తెర బిగుసుకుపోయి, యాప్ స్పందించడం లేదని ఫోను ఫిర్యాదు చేస్తుంది. యాప్ రాసిన భాష కోట్లిన్ అయితే కోరుటీన్‌లో, జావా అయితే వేరే థ్రెడ్‌లో, అంటే తెరకి అడ్డురాకుండా పక్కన నడిచేలా పెట్టండి. రెండోది డేటా ముక్కలుగా రావడం. బోర్డు 73 అని పంపితే ఫోనుకి ఒకసారి 7, తర్వాత 3 అందవచ్చు. ట్యాంకు 7 శాతం ఉందని యాప్ గాబరాపెడుతుంది. బోర్డు ప్రతి సంఖ్య చివరా కొత్త వరుస గుర్తు పంపాలి, ఆ గుర్తు వచ్చేదాకా యాప్ అక్షరాలు పోగుచేసుకోవాలి.

ఐఫోను విషయంలో మీ తప్పేమీ లేదు. హెచ్‌సి-05 మాట్లాడేది క్లాసిక్ బ్లూటూత్ సీరియల్ పద్ధతి. ఆపిల్ ధ్రువీకరించిన పరికరాలకి తప్ప ఆ దారిని ఐఫోను యాప్‌లకి తెరవదు. తక్కువ శక్తితో నడిచే ‘బ్లూటూత్ లో-ఎనర్జీ’, అంటే బీఎల్ఈ పద్ధతికి ఆ అడ్డు లేదు. హెచ్‌ఎం-10 లాంటి మాడ్యూలు గానీ ఈఎస్‌పి32 బోర్డు గానీ వాడితే ఐఫోనుతోనూ మాట్లాడవచ్చు. ఈఎస్‌పి32 కొనేటప్పుడు పేరు చివర చూసుకోండి. మామూలు ఈఎస్‌పి32లో వైఫై, క్లాసిక్, బీఎల్ఈ మూడూ ఉంటాయి. ఎస్3, సి3 రకాల్లో బీఎల్ఈ మాత్రమే ఉంటుంది. ఎస్2లో బ్లూటూతే లేదు. కౌంటరు దగ్గర అన్నీ ఒకటే అంటారు, నమ్మకండి.

కానీ బీఎల్ఈకి మారినా మేడ మీది నుంచి కిందికి సిగ్నలు రాదు. మధ్యలో ఐదు స్లాబులు, ఇనుప కడ్డీలు, పైగా నీళ్ల ట్యాంకు. ఇలాంటి చోట బ్లూటూత్‌తో తంటాలు పడటం దండగ. ఈ పనికి బ్లూటూత్ తగినది కాదు, అంతే.

ప్రోగ్రాము ఎక్కనివ్వని ఎర్రరుకి కారణం మీరు ఉత్తరంతో పంపిన వైరింగు బొమ్మలోనే కనబడుతోంది. హెచ్‌సి-05ని యూనో 0, 1 పిన్నులకి కలిపారు. కంప్యూటరు నుంచి యూఎస్‌బీ మీదుగా ప్రోగ్రాము వచ్చేదీ ఆ రెండు పిన్నుల మీదే. ఎక్కించేటప్పుడు మాడ్యూలు వైర్లు పీకేయండి, లేదా సాఫ్ట్‌వేర్ సీరియల్ లైబ్రరీతో 10, 11 పిన్నులకి మార్చండి. అదే బొమ్మలో ఇంకోటి కూడా ఉంది. యూనో టీఎక్స్ (డేటా పంపే) పిన్ను 5 వోల్టులు ఇస్తుంది, హెచ్‌సి-05 ఆర్‌ఎక్స్ (డేటా అందుకునే) పిన్ను కోరేది 3.3 వోల్టులు. మీరు నేరుగా కలిపారు. కొన్నాళ్లు పనిచేసి ఒకరోజు చడీచప్పుడు లేకుండా పోతుంది. మధ్యలో 1 కిలో ఓమ్ రెసిస్టరు పెట్టి, మాడ్యూలు వైపు నుంచి గ్రౌండుకి 2 కిలో ఓమ్‌లు కలపండి. 5 వోల్టులు 3.3 అవుతాయి. రేపు ఈఎస్‌పి32 వాడితే దాని పిన్నులన్నీ 3.3 వోల్టులవే కనుక, 5 వోల్టుల సెన్సారు ఎకో పిన్నుకి కూడా ఈ రెండు రెసిస్టర్ల కట్టు తప్పదు.

స్టార్టరు లాగగానే బోర్డు రీసెట్ కావడం గురించి నేను మీకు చెప్పేదేముంది? కాంటాక్టరు కాయిల్‌కి కరెంటు తెగినప్పుడు వచ్చే వోల్టేజీ పోటు ఎంత ఉంటుందో మీ చేతులకే తెలుసు. ఆ పోటు సప్లై వైర్లలోంచీ గాలిలోంచీ బోర్డుకి చేరుతోంది. 240 వోల్టుల కాయిల్ అయితే దాని రెండు చివరలకీ అడ్డంగా 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ వరుసలో కట్టిన స్నబ్బరు (పోటుని మింగే కట్టు) పెట్టండి. కెపాసిటరు మీద ఎక్స్2, 275 వోల్ట్ ఏసీ అని ముద్ర ఉండాలి. మామూలు డిస్క్ కెపాసిటరు పెడితే పేలుతుంది. మీ రిలే బోర్డులో ఆప్టోకప్లర్ (వైరు కలవకుండా వెలుతురుతో సంకేతం దాటించే భాగం) ఉంది, కానీ జేడీ-వీసీసీ దగ్గర జంపరు తీయకపోతే రిలే కాయిల్, యూనో రెండూ ఒకే సప్లై మీద ఉంటాయి. ఆప్టోకప్లర్ ఉండీ లేనట్టే. జంపరు తీసి, జేడీ-వీసీసీకి వేరే 5 వోల్టుల అడాప్టరు ఇవ్వండి. సెన్సారు వైర్లని మోటారు వైర్లతో కలిపి ఒకే పైపులో లాగకండి.

ఇక రిలే మీద 10 ఆంపియర్లు అని రాసుంది కదా, మోటారుని నేరుగా దానికి కట్టవచ్చా అని ఒక మూల అడిగారు. వద్దు. మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటు మామూలుదానికి ఎన్ని రెట్లో మీకు చెప్పక్కర్లేదు. రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి, ఫోన్లో ఆఫ్ కొట్టినా మోటారు ఆగదు. రిలే కాంటాక్టరు కాయిల్‌ని మాత్రమే నడపాలి. ఒక రిలేకి బదులు రెండు వాడండి. స్టార్ట్ బటనుకి సమాంతరంగా ఒకటి, అది అర సెకను మూసుకుని తెరుచుకుంటుంది. స్టాప్ బటనుతో వరుసలో రెండోది, దాని ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండే) కాంటాక్టు. అప్పుడు కరెంటు పోయి వచ్చినా మోటారు దానంతటది మొదలవదు, బోర్డు చచ్చిపోయినా వాచ్‌మన్ పాత బటన్లతోనే నడుపుకుంటాడు. ఈ రిలే బోర్డులు చాలావరకు పిన్ను ‘లో’ (సున్నా వోల్టులు) అయినప్పుడు పనిచేసేవి. ప్రోగ్రాములో పిన్నుని అవుట్‌పుట్‌గా ప్రకటించే ముందే ‘హై’ అని రాయండి, లేకపోతే బోర్డు ఆన్ అయిన ప్రతిసారీ రిలే ఒకసారి టక్కుమంటుంది. ఈఎస్‌పి32లో అయితే 0, 2, 12, 15 పిన్నులకి రిలే కట్టకండి, బోర్డు బూట్ అయ్యేటప్పుడు వాటి స్థితిని చూసుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇప్పుడు. ట్యాంకు నిండినప్పుడు మోటారు ఆపే బాధ్యత ఫోనుది కాకూడదు. మీ యాప్‌లో ‘95 శాతం దాటితే ఆఫ్ పంపు’ అని రాశారు. ప్రెసిడెంటు ఫోను జేబులో ఉన్నప్పుడు ఆండ్రాయిడ్ బ్యాటరీ ఆదా కోసం యాప్‌ని నిద్రపుచ్చుతుంది. 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన డోజ్ పని అదే, కొన్ని కంపెనీల ఫోన్లు ఇంకా కఠినంగా మూసేస్తాయి. ఆయన ఊరెళ్లినా, ఛార్జింగు అయిపోయినా ట్యాంకు పొంగుతుంది. అంతకంటే ప్రమాదం సంపు ఖాళీ అయినప్పుడు. నీళ్లు లేకుండా మోటారు తిరిగి కాలిపోతే మళ్లీ మీ షాపుకే వస్తుంది, ఈసారి మీ ఖర్చుతో. సంపులో ఒక ఫ్లోట్ స్విచ్చి, ట్యాంకు అంచున ఒక ఫ్లోట్ స్విచ్చి, రెండూ ఏ ప్రోగ్రాముతో సంబంధం లేకుండా స్టాప్ సర్క్యూటులో వరుసగా ఉండాలి. ఆ పైన బోర్డు తన లెక్కతో తాను ఆపాలి, మామూలుగా నిండే సమయానికి రెట్టింపు అయినా నిండకపోతే కూడా ఆపాలి. ఫోను చూడటానికి, అడగటానికి మాత్రమే.

సెన్సారు కూడా మార్చాల్సి వస్తుంది. హెచ్‌సి-ఎస్‌ఆర్04 తెరిచి ఉన్న సెన్సారు, ట్యాంకు మూత కింద ఆవిరి పట్టి తుప్పుతో పోతుంది. జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ అనే నీళ్లు తగిలినా తట్టుకునే రకం తీసుకోండి. దానికి 20, 25 సెంటీమీటర్ల లోపు దూరం కనబడదు కనుక నిండు మట్టానికి కనీసం అంత ఎత్తున బిగించాలి, నీళ్లు పడే పైపుకి దూరంగా. శబ్దం వెళ్లి తిరిగి రావడానికి పట్టిన మైక్రోసెకన్లని 58తో భాగిస్తే సెంటీమీటర్లు అన్న సూత్రం గది వేడిమికి సరిపోతుంది. మే నెలలో నల్ల ట్యాంకు మూత కింద 45 డిగ్రీలు ఉంటే శబ్దం దాదాపు 4 శాతం వేగంగా పోతుంది, 150 సెంటీమీటర్ల దూరం 144 అని చూపిస్తుంది. అంటే ట్యాంకు ఉన్నదానికంటే నిండుగా కనబడుతుంది. పెద్ద నష్టం లేదు గానీ, శాతం చూపేటప్పుడు ఐదేసి చొప్పున చూపించండి, లేకపోతే అంకె అటూఇటూ ఊగుతోందని రోజూ ఫోన్లొస్తాయి. ఒక్కో కొలతకి ఐదారు సార్లు చదివి మధ్యది తీసుకోండి.

పై నుంచి కిందికి కబురు ఎలా? వైఫై మేడ దాకా అందితే సరే, అందకపోతే వైరు లాగండి. సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్ని చూసి నవ్వవచ్చు, కానీ వైరు లాగడం మీకు చేతనైన పని, పైగా ఏళ్లతరబడి ఉంటుంది. మీరు కొన్న యూనో వృథా కాదు. దాన్ని మేడ మీద పెట్టి, పొడుగాటి వైరు మీద డేటా పంపే మాక్స్485 మాడ్యూలు కలపండి. కింద స్టార్టరు దగ్గర ఈఎస్‌పి32, దానికి 3.3 వోల్టుల మాక్స్3485. మధ్యలో మెలితిప్పిన జంట, రెండు చివరలా 120 ఓమ్‌లు. ఈ ఆర్‌ఎస్-485 పద్ధతిలో తక్కువ వేగంతో కిలోమీటరు పైగా పోతుంది, మీకు కావాల్సింది పాతిక ముప్పై మీటర్లు. అదే కేబులులో 12 వోల్టులు, గ్రౌండు పైకి పంపి, అక్కడ వోల్టేజీ తగ్గించే బక్ కన్వర్టరుతో 5 వోల్టులు చేసుకోండి. బోర్డులకి డబ్బా కోసం త్రీడీ ప్రింటింగు అంటూ రాయదుర్గం టీ-వర్క్స్ దాకా వెళ్లనక్కర్లేదు, ఎలక్ట్రికల్ షాపులో దొరికే ఐపీ65 (దుమ్ము, నీటి చిమ్ము ఆపే) జంక్షన్ బాక్సు చాలు.

ఇంతవరకు పని పూర్తయితే, ఫోన్లో చూపించడం ఎలా అన్నదానికి నాలుగు దారులున్నాయి. ఒక్కోదాని వెనకా ఒక్కో బరువు ఉంది.

యాప్ లేకుండానే ముగించడం ఒక దారి. ఈఎస్‌పి32 తనే ఒక చిన్న వెబ్ పేజీ ఇవ్వగలదు. అపార్టుమెంటు వైఫైలో ఉన్న ఏ ఫోనైనా, ఐఫోనైనా, బ్రౌజరులో తెరుచుకుంటుంది. ఊరి నుంచి కూడా చూడాలంటే టెలిగ్రామ్ బాట్ (చాట్‌లో దానంతటదే జవాబిచ్చే ప్రోగ్రాము) పెట్టండి. మట్టం అడిగితే చెబుతుంది, సంపు ఖాళీ అయితే తనే కబురు పంపుతుంది. కమిటీ సభ్యుల చాట్ ఐడీలు తప్ప వేరెవరు అడిగినా జవాబివ్వకుండా ప్రోగ్రాములో రాయాలి, అది మరిస్తే ఊళ్లో ఎవరైనా మీ మోటారు వేస్తారు. ఎంక్యూటీటీ బ్రోకర్ (బోర్డుకీ ఫోనుకీ మధ్య కబుర్లు చేరవేసే సర్వరు) ద్వారానూ చేయవచ్చు. పరీక్షల కోసం ఉచితంగా పెట్టిన పబ్లిక్ బ్రోకర్లలో మాత్రం మోటారు కట్టకండి, అక్కడ మీ టాపిక్ పేరు తెలిసిన ప్రతివాడూ ఆదేశం పంపగలడు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, 8883 పోర్టు ఉన్న టీఎల్ఎస్ బ్రోకర్ (కబుర్లని ఇతరులు చదవలేకుండా పంపేది) తీసుకోండి. ఈఎస్‌పి32కి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు, రౌటరులో ఆ బ్యాండు ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. వైఫై మొదలవగానే బోర్డు రీసెట్ అయి ‘బ్రౌన్‌అవుట్’ (వోల్టేజీ పడిపోయింది) అని చూపిస్తే అడాప్టరో, సన్నటి యూఎస్‌బీ వైరో బలహీనంగా ఉందని అర్థం. ఈ దారిలో మీ పేరుతో యాప్ ఉండదు, అది మీకు కొంచెం వెలితిగా అనిపించవచ్చు. కానీ అడ్వాన్సు ఇచ్చినవాళ్లకి మాట నిలబెట్టుకోవడానికి ఇదే దగ్గరి దారి. మీ స్థానంలో ఉన్నవాళ్లకి నా మొగ్గు ఇటే.

ఎమ్ఐటీ యాప్ ఇన్వెంటర్ రెండో దారి. బ్రౌజరులో బ్లాకులు పేర్చి యాప్ తయారుచేయవచ్చు, మీ పాత లాప్‌టాప్ చాలు. యాప్‌లో బటను, తెర, డేటా ఎలా కలుస్తాయో పది రోజుల్లో అర్థమవుతుంది. దీని హద్దులు త్వరగానే తగులుతాయి. పని పెద్దదయ్యేకొద్దీ బ్లాకులు చిక్కుముడి పడతాయి, బీఎల్ఈకి వేరే ఎక్స్‌టెన్షన్ కావాలి, యాప్‌ని వాట్సాప్‌లో పంపితే ఫోను ‘ఇది ప్రమాదం కావచ్చు’ అని హెచ్చరిస్తుంది, దానికి మీరు నలభై ఫ్లాట్ల వాళ్లకి సంజాయిషీ చెప్పుకోవాలి.

మూడోది కోట్లిన్‌తో అసలైన ఆండ్రాయిడ్ నేర్చుకోవడం. గూగుల్ 2017లో కోట్లిన్‌ని అధికారికంగా ఒప్పుకుంది, 2019 నుంచి దానికే మొదటి స్థానం ఇస్తోంది. తెరలు కట్టడానికి ఇప్పుడు జెట్‌ప్యాక్ కంపోజ్ వాడుతున్నారు. గూగుల్ వాళ్లే ‘ఆండ్రాయిడ్ బేసిక్స్ విత్ కంపోజ్’ అనే కోర్సుని ఉచితంగా పెట్టారు, ఇంగ్లీషులో ఉంటుంది గానీ మెట్టుమెట్టుగా ఉంటుంది. ఆండ్రాయిడ్ స్టూడియో 8 జీబీ ర్యామ్‌లో నడుస్తుంది, ఎమ్యులేటరు (కంప్యూటరులో నడిచే నకిలీ ఫోను) తెరిస్తే మూలుగుతుంది. మీకు ఎలాగూ ఎమ్యులేటరు పనికిరాదు, మీ బోర్డుతో మాట్లాడాల్సింది అసలు ఫోను. ఫోన్ సెట్టింగుల్లో బిల్డ్ నంబరుని ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి. కొత్త లాప్‌టాప్ ఖర్చు అక్కడే మిగులుతుంది. ఉన్నదానికి ర్యామ్ పెంచడానికి స్లాటు ఉంటే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగి చూడండి. షాపు మూసిన తర్వాత రోజుకి గంటన్నర చొప్పున కూర్చుంటే ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. ప్లే స్టోరులో పెట్టాలంటే ఒక్కసారి 25 డాలర్లు. కొత్త వ్యక్తిగత ఖాతా అయితే విడుదలకు ముందు 12 మంది పరీక్షకులతో వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్ (పిలిచినవాళ్లు మాత్రమే వాడి చూడటం) చేయించాలి. అక్కడితో అయిపోదు, గూగుల్ ఏటా కొత్త ఆండ్రాయిడ్ వెర్షనుకి తగ్గట్టు యాప్‌ని మార్చమంటుంది. ఐఫోనుకి యాప్ కావాలంటే మ్యాక్ కంప్యూటరు, ఏడాదికి 99 డాలర్లు. ఒక్క అపార్టుమెంటు కోసం ఈ లెక్క కుదరదు. ఇరవై అపార్టుమెంట్లు ఉంటే కుదురుతుంది.

నాలుగోది మీ మామగారికి నచ్చే దారి. మార్కెట్లో దొరికే రెడీమేడ్ వాటర్ లెవెల్ కంట్రోలరు కొని బిగించి, కూలీ తీసుకుని, అడ్వాన్సులో మిగిలినదేమైనా ఉంటే తిరిగి ఇచ్చేయడం. ట్యాంకు పొంగదు, మోటారు కాలదు, మీకు నిద్ర పడుతుంది. నేర్చుకున్నది మాత్రం అక్కడితో ఆగిపోతుంది. ఆయన మాటలో సగం నిజం ఉంది, ప్రెసిడెంటు అడిగినదాంట్లో ఎక్కువ భాగం ఫోను లేకుండానే తీరుతుంది. మిగతా సగం ఆయనతో మాట్లాడి తేల్చుకోవాలి. స్టార్టరు స్టాప్ సర్క్యూటులో రిలే ఎక్కడ పెట్టాలో ఆయన్నే అడగండి. ఈ పనిలో ఆయనకీ చోటుందని తెలిస్తే ‘పిచ్చి’ అన్న మాట మళ్లీ రాకపోవచ్చు.

అమీర్‌పేట కోర్సు విషయం. ఫుల్ స్టాక్ అంటే వెబ్‌సైట్ల పని. జావా, డేటాబేసు, హెచ్‌టీఎమ్ఎల్, రియాక్ట్ లాంటివి చెబుతారు. మంచి చదువే, ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి. మీ బ్లూటూత్ పర్మిషన్ గానీ, కాంటాక్టరు పోటు గానీ ఆ సిలబస్‌లో ఉండవు. వెళ్లాలనిపిస్తే డబ్బు కట్టకుండా డెమో క్లాసుల్లో కూర్చోండి, అక్కడ అది మామూలే. కోట్లిన్, కంపోజ్ చెబుతారా, ఫోన్ పర్మిషన్లు, బ్లూటూత్ మీద ప్రాక్టికల్ ఉందా, చెప్పే ఆయన ప్లే స్టోరులో పెట్టిన యాప్ చూపించగలరా, ఫీజు నెలనెలా కట్టవచ్చా అని అడగండి. మొదటి రెండింటికి సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయవచ్చు. అన్నిటికీ అవునన్నా, మూడు నెలలు ఇంట్లో ఉచితంగా చదివి, ఇంకా ఆసక్తి నిలిచిందో లేదో చూసుకున్నాక గొలుసు ఆలోచన చేయండి. తాకట్టు వడ్డీ ప్రతి నెలా నడుస్తుంది, నేర్చుకోవడం షాపులో పని ఎక్కువైన నెలల్లో ఆగిపోతుంది.

పాత ఫోనుని ఓటీజీతో స్టార్టరు పక్కన బిగించే ఆలోచన బల్ల మీద బాగుంటుంది. ఆండ్రాయిడ్ 3.1 నుంచీ ఫోను యూఎస్‌బీ హోస్టుగా పనిచేయగలదు, మీ యూనోలోని సిహెచ్340 అనే యూఎస్‌బీ చిప్పుతో మాట్లాడే యాప్‌లూ ఉన్నాయి. కానీ చాలా ఫోన్లలో ఓటీజీ వాడుతుండగా ఛార్జింగు ఎక్కదు. ఎక్కే ఫోనైతే ఏడాదంతా ఛార్జరు మీద, వేడి ప్యానెల్ పక్కన ఉండి బ్యాటరీ ఉబ్బుతుంది. కొన్ని ఫోన్లలో ఓటీజీని సెట్టింగుల్లో ఆన్ చేయాలి, కాసేపు వాడకపోతే దానంతటదే ఆఫ్ అవుతుంది. అక్కడ వద్దు. మీ పనిముట్ల సంచిలో మాత్రం ఓటీజీ వైరు ఉండాలి. సీరియల్ యూఎస్‌బీ టెర్మినల్ యాప్ వేసుకుంటే, లాప్‌టాప్ లేకుండా మేడ మీదే నిలబడి బోర్డు ఏమంటోందో చదవవచ్చు.

ప్రెసిడెంటుతో ఈ వారమే మాట్లాడండి. మొదటి విడతలో పొంగకుండా, ఎండకుండా ఆపే ఏర్పాటు, రెండో విడతలో ఫోన్లో మట్టం, మూడో విడతలో ఫోన్ నుంచి ఆన్, ఆఫ్ అని మూడు తేదీలు చెప్పండి. సెన్సారు పాడైతే ఎవరి ఖర్చు, వైఫై పోతే ఎవరి బాధ్యత, మీరు ఏడాదికి ఎన్నిసార్లు వచ్చి చూస్తారు, ఇవి కాగితం మీద రాసుకోండి. ఒప్పుకోకపోతే ఖర్చైన సామాను లెక్క చూపి మిగతాది ఇచ్చేయండి. మీ మోటారు పని పోదు.

పక్క అపార్టుమెంటు వాళ్ల దగ్గర మాత్రం ఇప్పుడు అడ్వాన్సు తీసుకోకండి. మేడ మీద బోర్డు, పొడుగాటి కేబులు, మెరుపులు, జంక్షన్ బాక్సులో చేరే తడి, ఇవన్నీ తేలేది వానల్లోనే. మూసాపేటలో పెట్టినది ఒక వానాకాలం దాటాక, ఏ భాగం ఎన్నిసార్లు మార్చాల్సి వచ్చిందో రాసుకుని, ఆ లెక్కతో వాళ్లకి ధర చెప్పండి.